నెట్ మీద మోగే ల్యాండ్‌లైన్‌కి ఏమేం కావాలంటే

పిల్లలూ,

ఇక్కడ చెన్నైలో మీ నానమ్మ గదిలోని బటన్ల ఫోను ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడుస్తోందంటే మీరు నమ్మట్లేదట, మీ అమ్మ చెప్పింది. ఫోను మార్చలేదురా, అదే ఫోను. దాని వెనకాల వైరు మాత్రం గోడలోకి కాకుండా ఒక చిన్న డబ్బాలోకి పోతోంది. బెంగళూరులో మీ ఇంట్లో కూడా పెట్టిస్తారంటున్నారు కాబట్టి ఏమేం కావాలో రాస్తున్నా.

ఆ డబ్బాని ఏటీఏ అంటారు. దానికి రెండు రకాల రంధ్రాలుంటాయి, వెడల్పుది రౌటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్‌కి, సన్నది ఫోను వైరుకి. డయల్ టోన్ ఇచ్చేదీ, గంట మోగించేదీ, మీ మాటను అంకెలుగా మార్చి నెట్‌లోకి పంపేదీ అదే. అయితే కొనే ముందు మీ ఫైబర్ డబ్బా వెనక ఒకసారి చూడండి, చాలావాటికి ఫోను రంధ్రం ముందే ఉంటుంది, అలా ఉంటే నెట్ కంపెనీ వాళ్లు నంబరిచ్చి ఆన్ చేస్తే చాలు, వేరే ఏటీఏ దండగ. వేలు పెట్టి తిప్పే పాతకాలం ఫోను తగిలిద్దామని సరదా పడకండి, ఆ తిప్పుడు చాలా ఏటీఏలకు అర్థం కాదు.

1995లో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీ నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్ అమ్మినప్పుడైతే అటూ ఇటూ కంప్యూటరు, సౌండ్ కార్డు, మైకు, మోడెమ్ అన్నీ ఉండాల్సి వచ్చేది.

స్పీడు గురించి టెన్షన్ వద్దు. మామూలు పద్ధతిలో మీ గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకు 8 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకీ అడ్రసూ గట్రా అతికించి పంపుతారు, అన్నీ కలిపినా ఒక్కో వైపుకి 100 కిలోబిట్లు దాటదు. మీరు చూసే వీడియోల ముందు అదెంత? అసలు చిక్కు ఆలస్యంతోనే. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటిందంటే ఒకరి మాట మీద ఇంకొకరు పడిపోవడం మొదలవుతుంది. మీలో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి కూర్చుంటే అమ్మ మాట ముక్కలైపోతుంది, అందుకే రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే ఫోనుకి మొదటి దారి ఇవ్వమని చెప్పండి.

ఇక అందరూ మర్చిపోయేది కరెంటు. పాత రాగి తీగ ఫోనుకి 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోను మోగేది అందుకే. ఇప్పుడు ఆ పని మన నెత్తిన పడింది. ఇక్కడ డిసెంబరు వస్తే చాలు, 2023లో మిచౌంగ్ తుఫానప్పటిలా వీధుల్లో నీళ్లు నిలిస్తే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు, ఫైబర్ డబ్బా, రౌటర్, ఏటీఏ మూడింటిలో ఏ ఒక్కటి ఆరిపోయినా ఫోను మూగబోతుంది. మూడింటినీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి, అది లేకపోతే రౌటర్‌కని అమ్మే చిన్న యూపీఎస్ కొనండి. కొనేటప్పుడు అడాప్టర్ల మీద రాసినవి చదవండి, వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు కానీ తక్కువ ఉండకూడదు. నన్నడిగితే కొత్త ఫోను కొనే డబ్బులు దీనికి పెట్టడమే నయం. మీ అపార్ట్‌మెంట్ మెట్ల కింద నెట్ వాళ్ల స్విచ్ ఏదైనా ఉంటే దానికీ బ్యాకప్ ఉందో లేదో వాచ్‌మన్ అంకుల్‌ని అడగండి. అయినా అత్యవసరంలో 112కి చేయాలంటే సెల్‌ఫోనే వాడండి.

ఇంకోటి, ఏటీఏ నుంచి వచ్చే వైరుని గోడలో ఉన్న పాత టెలిఫోన్ సాకెట్‌లో పెట్టకండి. అవతల పాత లైను ఇంకా బతికి ఉంటే ఆ కరెంటుకి డబ్బా పాడైపోవచ్చు.

ఆశీస్సులతో,
తాతయ్య