ఫ్లైట్ సిమ్యులేటర్: కుర్చీ కదలని పైలట్ల మీద ఉన్న అపోహలు

పద్దెనిమిదేళ్లుగా రాత్రి భోజనానికి ముందు విమానం నడపడం నాకు అలవాటు. వంటింట్లోంచి అమ్మ "ఎక్కడున్నావురా?" అని అడుగుతుంది. "నాగార్జునసాగర్ దాటుతున్నానమ్మా, ఇంకో నలభై నిమిషాలు" అంటాను. ఆ లెక్క చూసుకుని ఆమె కుక్కరు పెడుతుంది. నేను నడిపేది కంప్యూటర్ తెర మీది ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, మా ఇంట్లో ఇదేమీ వింత కాదు. బయటివాళ్లతోనే చిక్కు. కొందరు నన్ను చూసి జాలిపడతారు, మరికొందరు సగం పైలట్‌ను చేసి కూర్చోబెడతారు. ఈ ఇద్దరి దగ్గరా తరచూ వినే మాటలకు, కొత్తగా ఈ వ్యాపకంలోకి వచ్చినవాళ్లు పడే పొరపాట్లకు జవాబుగా ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది పిల్లల వీడియో గేమ్.

వాస్తవం: ఆట కాదని నేను వాదించను. విమాన శిక్షణ యంత్రాల వంశం మొదలైందే ఆటవస్తువుగా. అమెరికాలోని బింగమ్‌టన్‌లో ఆర్గన్లు, పియానోలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్ లింక్, 1929లో ఒక బుల్లి విమానం లాంటి పెట్టెను తయారుచేశాడు. మన హార్మోనియంలో ఉన్నట్టే ఆర్గన్లలోనూ గాలి తిత్తులు ఉంటాయి. అవే తిత్తులను పెట్టె కింద అమర్చి, లోపల కూర్చున్నవాడు కర్ర కదిపితే పెట్టె అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. మొదట్లో దాన్ని కొన్నది ఎక్కువగా వినోద పార్కులే. 1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో తపాలా మోసే పని అప్పగించారు. మేఘాల్లో, చీకట్లో మీటర్లు చూసి నడపడం సరిగా రాని పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు లింక్ పెట్టెలు కొంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అవి వేల సంఖ్యలో తయారయ్యాయి.

మన ఇళ్లలోకి వచ్చిన సిమ్యులేటర్‌ది కూడా ఇలాంటి కథే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న బ్రూస్ ఆర్ట్‌విక్ రాసిన ప్రోగ్రామే 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌గా బయటికొచ్చింది. ఆనాటి తెరపై షికాగో అంటే నాలుగు గీతలు. ఆ నాలుగు గీతల మధ్యే గంటలు గడిపినవాళ్లు ఉన్నారంటే, ఇందులో రుచి బొమ్మల అందానిది మాత్రమే కాదని తెలుస్తుంది. ఇందులో ఓడించడానికి శత్రువు లేడు, గెలిస్తే మార్కులు లేవు. అందుకే మా మేనల్లుడు పది నిమిషాల్లో లేచిపోయాడు.

అపోహ: లక్షలు పోస్తే గానీ మొదలుపెట్టలేం.

వాస్తవం: ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం. 1990ల చివరి నుంచి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దాన్ని తీర్చిదిద్దుతున్నారు. 2006 నాటి మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. 2020లో, 2024లో వచ్చిన కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లకు మాత్రం మంచి గ్రాఫిక్స్ కార్డూ, వేగమైన ఇంటర్నెట్టూ కావాలి, ఎందుకంటే భూగోళం దృశ్యాలు ఎప్పటికప్పుడు సర్వర్ నుంచి దిగుతుంటాయి.

డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు జాయ్‌స్టిక్. పిడిని మెలితిప్పితే తోక మీది చుక్కాని కదిలే రకం కొనండి, అదే పని కాలితో చేసే పెడల్స్ తరువాత చూసుకోవచ్చు. నా మొదటి జాయ్‌స్టిక్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాతది. పిడి మధ్యలో కాస్త వదులుగా ఉండేది, ముట్టుకోకపోయినా విమానం కుడివైపుకు వాలేది. సెట్టింగులలో డెడ్ జోన్ (పిడి కాస్త కదిలినా విమానం పట్టించుకోని మేర) కాస్త పెంచితే సరిపోతుందని తెలియక, నెల రోజులు ఆ విమానాన్నే తిట్టుకున్నాను.

అపోహ: టేకాఫ్‌లో విమానం ఎడమకు ఈడ్చుకుపోతోంది, సాఫ్ట్‌వేర్ పాడైంది.

వాస్తవం: కొత్తవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ తన పని బుద్ధిగా చేస్తోందనడానికి ఇదే గుర్తు.

సెస్నా 172 తీసుకోండి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమందికి విమానం నేర్పిన నాలుగు సీట్ల బండి. లోపల కూర్చున్నవారికి దాని ముందున్న పంఖా గడియారం ముల్లులా కుడివైపు తిరుగుతుంది. పంఖా అటు తిరిగితే విమానం ఒళ్లు ఇటు, ఎడమకు ఒరగాలని చూస్తుంది. పంఖా నెట్టిన గాలి విమానం చుట్టూ సుడి తిరుగుతూ వెళ్లి తోక నిలువురెక్కను ఎడమవైపు నుంచి కొడుతుంది. తోక కుడికి పోతే ముక్కు ఎడమకు పోతుంది. ముక్కు పైకెత్తగానే, పైనుంచి కిందికి దిగే పంఖా రెక్క పైకి వచ్చే రెక్క కంటే గాలిని ఎక్కువగా కోస్తుంది. అది కూడా ముక్కును ఎడమకే నెడుతుంది. ఇవన్నీ ఇంజిన్ పూర్తి బలంతో, వేగం తక్కువగా ఉన్నప్పుడు, అంటే సరిగ్గా టేకాఫ్‌లోనే బలంగా పనిచేస్తాయి.

విరుగుడు కుడి పెడల్. ఇంజిన్ బలం పెంచే థ్రాటిల్‌ను ముందుకు తోసే చేయీ, పెడల్ నొక్కే కాలూ ఒకేసారి కదలాలి. వేగం పెరిగేకొద్దీ తోకకు పట్టు దొరుకుతుంది, కాబట్టి నొక్కుడు తగ్గించుకుంటూ రావాలి. 55 నాట్ల (గంటకు సుమారు 100 కిలోమీటర్ల) వేగం దగ్గర పిడిని నెమ్మదిగా వెనక్కి లాగితే ముందు చక్రం లేస్తుంది. ఆ క్షణాన ముక్కు మళ్లీ ఒకసారి ఎడమకు తిరగాలని చూస్తుంది, కాలు సిద్ధంగా ఉండాలి. చుక్కానిని కంప్యూటరే చూసుకునే ఆటో రడ్డర్ పెట్టుకుంటే ఈ బాధేమీ ఉండదు. ఈ సుఖమూ ఉండదు.

అపోహ: ఆటోపైలట్ మీట నొక్కితే మిగతాదంతా విమానమే చూసుకుంటుంది.

వాస్తవం: ఆటోపైలట్ చెప్పింది చేసే పనివాడు. చెప్పడం మరిచిపోతే చివరిగా విన్న మాటనే పట్టుకుని కూర్చుంటాడు. ఢిల్లీ నుంచి 37,000 అడుగుల మీద హైదరాబాద్ వస్తున్నారనుకోండి. ఎక్కడ దిగడం మొదలుపెట్టాలి? పైలట్లు నోటి లెక్కగా వాడే సూత్రం, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు (సుమారు ఐదున్నర కిలోమీటర్లు). శంషాబాద్ నేల సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగులు, కనుక దిగవలసింది 35,000. అంటే 105 నాటికల్ మైళ్ల ముందు, సుమారుగా నిర్మల్ దాటే వేళకు ముక్కు వంగాలి. ఆ సమయంలో టీ కోసం లేచిన ప్రతిసారీ నేను శంషాబాద్ నెత్తిమీద 20,000 అడుగుల ఎత్తులో చక్కర్లు కొట్టాను.

అపోహ: ఎంత మెత్తగా దిగితే అంత గొప్ప పైలట్.

వాస్తవం: నిమిషానికి ఎన్ని అడుగుల వేగంతో చక్రాలు నేలను తాకాయో చెప్పే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. అంకె ఎంత చిన్నదైతే అంత గర్వం. నేనూ కొన్నాళ్లు ఆ జబ్బుతో బాధపడ్డాను.

140 నాట్ల వేగమంటే సెకనుకు 236 అడుగులు. మెత్తదనం కోసం రన్‌వే మీద ఐదు సెకన్లు తేలితే 1,180 అడుగుల రన్‌వే వెనక పడిపోతుంది. వాన పడిన రన్‌వే మీద ఇంకా ప్రమాదం. టైరులో గాలి పీడనానికి వర్గమూలం కట్టి తొమ్మిదితో హెచ్చిస్తే, టైరు నీటి పొర మీద జారే అవకాశమున్న వేగం నాట్లలో వస్తుంది. చదరపు అంగుళానికి 200 పౌండ్ల పీడనమున్న టైరుకు అది సుమారు 127 నాట్లు. కాబట్టి తడి రన్‌వే మీద గట్టిగా దింపి, నీటి పొరను చీల్చి, చక్రాలకు నేల దొరికేలా చేయడమే పద్ధతి. వానాకాలంలో మీరెక్కిన విమానం ధబ్బున దిగితే పైలట్‌ను తిట్టే ముందు కిటికీలోంచి రన్‌వే వంక ఒకసారి చూడండి.

అపోహ: నలుగురితో కలవని ఒంటరివాళ్ల వ్యాపకం ఇది.

వాస్తవం: 2001లో మొదలైన వ్యాట్‌సిమ్ అనే ఉచిత నెట్‌వర్క్‌లో మీరు పైలట్ అయితే, మరొకరు తన ఇంట్లో రాడార్ తెర ముందు కూర్చుని మీకు దారి చెబుతారు. ఇద్దరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఇంగ్లీషు ధారాళంగా రాదని వెనకాడేవాళ్లు చాలామంది. అక్కడ కావలసింది సంభాషణ కాదు, ఒక వందలోపు మాటల పొడి భాష. చెప్పిన ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పాలి, అంతే. అంకెలు కూడా వేరుగా పలకాలి: తొమ్మిది 'నైనర్', మూడు 'ట్రీ', ఐదు 'ఫైఫ్'. గొంతు పెగలకపోతే టైపు చేయవచ్చు. మొదటిసారి మైకు మీట నొక్కినప్పుడు నా సొంత విమానం పేరే మరిచిపోయాను. అవతలి కంట్రోలర్ ఓపికగా రెండుసార్లు అడిగాడు. ఎవరూ నవ్వలేదు. కంట్రోలర్ లేని వేళ 122.8 అనే రేడియో ఫ్రీక్వెన్సీ మీద మన కదలికలు మనమే చాటింపు వేసుకోవాలి.

అపోహ: పైలట్ స్పృహ తప్పితే సిమ్యులేటర్ ఆడేవాళ్లు విమానం దించేయగలరు.

వాస్తవం: పెళ్లిళ్లలో బంధువులు నన్ను పరిచయం చేసే తీరు ఇది. ఇక్కడ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాలి. సిమ్యులేటర్ మీకు చాలా నేర్పుతుంది: ఏ మీట ఎక్కడుందో, ఏది ముందో ఏది వెనకో, మ్యాపు చదవడం, వాతావరణ నివేదిక విప్పుకోవడం, రేడియో భాష. ఒంటికి మాత్రం ఏమీ నేర్పదు.

మేఘంలో విమానం మెల్లగా ఒక పక్కకు తిరుగుతూ ఉంటే, కాసేపటికి మన చెవి లోపలి ద్రవం ఆ తిరుగుడుకు అలవాటుపడి "నేరుగానే పోతున్నాం" అని చెబుతుంది. నిటారు చేయగానే "అవతలి పక్కకు తిరుగుతున్నాం" అని గగ్గోలు పెడుతుంది. ఆ గగ్గోలును అణచుకుని మీటర్లను నమ్మడమే అసలు విద్య. కదలని కుర్చీలో కూర్చున్న నా చెవికి ఆ పరీక్ష ఎన్నడూ ఎదురుకాలేదు. ఎయిర్‌లైన్ పైలట్లు శిక్షణ పొందే సిమ్యులేటర్లు ఆరు కాళ్ల మీద నిలబడి ఊగుతాయి, వాటికి ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది. ఇంటి కంప్యూటర్ మీద గడిపిన వేల గంటల్లో ఒక్కటీ పైలట్ లాగ్‌బుక్‌లోకి ఎక్కదు.

దీనికి తోడు ఒక చెడ్డ అలవాటు కూడా అంటుకుంటుంది. ఒకసారి ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షకుడి పక్కన కూర్చుని నిజమైన సెస్నా పట్టుకున్నాను. ఎత్తు, వేగం, దిక్కు, మళ్లీ ఎత్తు: కళ్లు మీటర్ల మీదే తిరుగుతున్నాయి. ఐదు నిమిషాలు చూసి ఆయన తన నోట్‌బుక్ తీసి మీటర్లకు అడ్డంగా పెట్టారు. "ఇంట్లో సిమ్యులేటర్ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "అనుకున్నాను. బయట చూడండి" అన్నారు. తలెత్తితే, అద్దంలో దిగంతం ఎడమవైపు రెండు వేళ్లు ఎత్తుగా, కుడివైపు కిందుగా ఉంది. విమానం ఎడమకు ఒరిగి ఉందన్నమాట. ఇంట్లో నా చిన్న తెర మీద దిగంతాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా వారానికి ఒకసారి మీటర్ల మీద కాగితం వేసుకుని నడుపుతున్నాను.

అపోహ: ఆల్టిమీటర్ చూపించేది మన కింద నేల ఎంత దూరంలో ఉందో.

వాస్తవం: ఇది నా సొంత అపోహ. శంషాబాద్ తెరిచింది 2008లో. 2006 నాటి ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో మనకు ఇంకా బేగంపేటే. గన్నవరంలో లేచి, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణను పట్టుకుని, పులిచింతల మీదుగా నాగార్జునసాగర్ దాకా నది వెంటే పోయి, అక్కడ వాయవ్యానికి తిరిగాను. ఎంతో ముచ్చటైన దారి, ఇప్పటికీ వారానికి ఒకసారి వెళతాను. గన్నవరంలో సాధన చేసినప్పుడు 1,500 అడుగులకు దిగి రన్‌వే వెతుక్కునేవాణ్ని. అదే అలవాటుగా హైదరాబాద్ ముందు కూడా 1,500కు దిగడం మొదలుపెట్టాను. ముల్లు ఇంకా 1,800 దగ్గరుంది, చెట్లు మాత్రం చక్రాల ఎత్తుకు వచ్చేశాయి. ఏదో తేడా ఉందని అర్థమయ్యేలోపే తెర ఆగిపోయింది.

ఆల్టిమీటర్ లెక్కించేది సముద్రమట్టం నుంచి. గన్నవరం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కనుక అక్కడ తేడా తెలియలేదు. బేగంపేట విమానాశ్రయం ఎత్తు 1,742 అడుగులు. పైగా ఆ ముల్లు నిజం చెప్పాలంటే ఆనాటి గాలి పీడనం కూడా దానికి చెప్పాలి. వానాకాలంలో హైదరాబాద్ పీడనం (సముద్రమట్టానికి లెక్కగట్టినది) 1005 హెక్టోపాస్కల్స్ ఉన్న రోజున ఆల్టిమీటర్‌ను ప్రామాణికమైన 1013 మీదే వదిలేస్తే, మీరు ఉన్నారనుకున్న ఎత్తు కంటే 220 అడుగుల కింద ఉంటారు.

"దిగావా?" అని అమ్మ అడిగింది. దిగానన్నాను. ఆ రాత్రే 1,742 అని చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించాను. మానిటర్లు మూడు మారాయి, చీటీ మాత్రం అదే.