షుగర్‌కు గోలీలు దొరుకుతున్నాయి, చెప్పేవాళ్లే కరువు

వరంగల్ చుట్టుపక్కల ఏ దవాఖాన ఓపీలో కాసేపు నిలబడ్డా ఒక మాట చెవిన పడుతుంది. "అవ్వా, గోలీలు ఏస్కుంటున్నవా?" అని అడిగితే, "షుగర్ దిగింది గద సారూ, బంద్ పెట్టిన" అంటుంది. ఆమెను తప్పుపట్టలేం. జ్వరం తగ్గితే మందు ఆపడం మనందరం చేసేదే. గోలీ వేసుకోబట్టే షుగర్ దిగిందని, ఆపితే మళ్లీ ఎక్కుతుందని నిదానంగా చెప్పడానికి ఐదు నిమిషాలు కావాలి. ఆ ఐదు నిమిషాలు ఎవరి డ్యూటీ అన్నది ఇప్పటికీ తేలలేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటిదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. ఇన్సులిన్‌తో ప్రాణం నిలిచింది గానీ, రోజూ సూది వేయడానికి డాక్టర్ ఇంటికి రాడు. సూది మరిగించడం, మందు కొలవడం, మూత్రం చూసుకోవడం పేషెంటే నేర్చుకోవాల్సి వచ్చింది. బోస్టన్ డాక్టర్ ఇలియట్ జోస్లిన్ అంతకుముందే, 1918లో, పేషెంట్లు కూడా చదువుకునేలా ఒక పుస్తకం రాశాడు. నేర్పడానికి నర్సులను తయారుచేశాడు. అప్పట్లో ఇంట్లో చేసుకునే పరీక్ష అంటే బెనెడిక్ట్ ద్రావణమే. గాజు గొట్టంలోని నీలం ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి వేడి చేసేవాళ్లు. షుగర్ లేకపోతే రంగు మారదు. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఎక్కువైతే పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. నిన్న ఏం తిన్నామో ఇవాళ రంగులో కనపడేది. అంతకన్నా మంచి పాఠం ఇంకేం ఉంటుంది?

1950లలో గోలీలు వచ్చాయి. మింగడానికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. నా ఉద్దేశంలో కథ దారి తప్పింది ఇక్కడే. సూది వాళ్లకు చదువు తప్పనిసరిగా మిగిలింది, గోలీల వాళ్లకు మాత్రం "తీపి బంద్ చెయ్యి" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది గోలీల వాళ్లే మరి.

చెబితే ఫలితం ఉంటుందా అన్న అనుమానం 1972లోనే కొంత తీరింది. లాస్ ఏంజిల్స్‌లో పేదలు వచ్చే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పేషెంట్లకు పాఠాలు చెప్పి, ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్ చేయమన్నారు. షుగర్ బాగా పెరిగి స్పృహ తప్పి వచ్చే కేసులు మూడింట రెండొంతులు తగ్గాయి. అయితే 2002లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ వన్‌సీ, 1 శాతం దిగాలంటే పేషెంటుతో సుమారు 24 గంటలు గడపాలి. పాఠాలు అయిపోగానే 0.76 శాతం తగ్గింపు కనపడితే, కొన్ని నెలలకు అది 0.26కు పడిపోయింది. బ్రిటన్‌లో కొత్తగా షుగర్ బయటపడినవాళ్లకు ఆరు గంటల పాఠం ఒక్కసారి చెప్పి చూశారు. ఏడాదికి బరువు కాస్త తగ్గింది, పొగ మానినవాళ్లు పెరిగారు, కానీ షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే చెప్పడం కూడా గోలీ లాంటిదే, మోతాదు ఉంటుంది, ఆపితే పని ఆగుతుంది. ప్రపంచ షుగర్ దినమని నవంబర్ 14న ఒక ర్యాలీ, ఒక ఫ్లెక్సీ, ఒక ఉచిత క్యాంపు పెట్టి అవగాహన కల్పించాం అనుకుంటే ఈ లెక్క ముందు నిలబడదు.

ఇక మన వైపు సంగతి. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే జొన్న గట్క, మక్క గట్క, అంబలి గురించి చెబుతారు. వరి బువ్వ పండుగకో చుట్టాలొస్తేనో. 1963లో పునాది పడిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్లొచ్చాయి, బోర్లు పడ్డాయి, మెట్ట చేలు వరి మడులయ్యాయి. 1983లో రెండు రూపాయల బియ్యం, 2015 నుంచి మనిషికి ఆరు కిలోలు, 2025లో రేషన్ షాపులోనే సన్నబియ్యం. ఆకలి తీరింది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ మూడు పూటలా బియ్యమే తినే మనిషికి "తీపి బంద్ చెయ్యి" అంటే చాయ్‌లో చక్కెర మానేస్తాడు, కంచంలో అన్నం కుప్ప అట్లాగే ఉంటుంది. రాత్రికి రెండు రొట్టెలు తినమంటే, రొట్టెలు తిన్నాక పెరుగన్నం కలుపుకునేవాళ్లు ఎంతమందో.

తెలంగాణ సోనా సంగతీ ఇంతే. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం ఇది. దీని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే అంకె, 52 లోపే. 55 దాటకపోతే తక్కువ కిందే లెక్క కాబట్టి మంచి రకమే. బజారులో మాత్రం దీన్ని "షుగర్ ఫ్రీ బియ్యం" అని అమ్ముతున్నారు. ఆ అంకె 50 గ్రాముల పిండిపదార్థానికి కట్టిన లెక్క. షుగర్ బియ్యమే కదా అని రెండింతలు పెట్టుకుంటే లాభం అక్కడే పోతుంది. ఈ ఒక్క మాట బస్తా మీద ఉండదు.

వద్దనడం వేరు, నేర్పడం వేరు. మేడారంలో అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, ముట్టొద్దంటే ఎవరూ వినరు. చిటికెడు నోట్లో వేసుకొని ఆ పూట అన్నం తగ్గించుకోమంటే వింటారు. వాగు ఇసుకలో ఉత్త కాళ్లతో నడిచొచ్చాక పాదాలు తిప్పి చూసుకోమని చెప్పడం ఇంకా ముఖ్యం. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది, ముల్లు దిగినా తెలియదు. స్పర్శ లేని పాదాన్ని ఎలా కాపాడుకోవాలో వైద్యం ముందు కుష్ఠు రోగుల దగ్గర నేర్చుకుంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వందేళ్ల నాటి కుష్ఠు ఆసుపత్రి మనకు తెలిసిందే. వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అనుభవమే తర్వాత అమెరికాలో షుగర్ పాదాలకు దారి చూపింది. చెన్నైలో జరిగిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. పాదాల జాగ్రత్తలు చెప్పినట్టు పాటించినవాళ్లలో కొత్త సమస్యలు 5 శాతం మందికి, పాటించనివాళ్లలో 26 శాతం మందికి వచ్చాయి. మాట వినేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులే అయి ఉండొచ్చు, అయినా తేడా చిన్నది కాదు.

సర్కారు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2008 తర్వాత 104 బండి నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగర్ గోలీలు ఇచ్చేది. ఆ బండ్లు తర్వాత ఆగిపోయాయి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటింటి పరీక్షలు, బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బుల గోలీలతో ఎన్‌సీడీ కిట్లు వచ్చాయి. కిట్‌లో ఉదయానికి, మధ్యాహ్నానికి, రాత్రికి విడివిడిగా సంచులు ఉంటాయి. చదువు రాని అవ్వకు అదే ఒక పాఠం, ఎవరో ఆలోచించి చేసిన పని. అయితే నెలనెలా పైకి వెళ్లే లెక్కల్లో ముందుండేది ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందికి గోలీలు ఇచ్చారు అన్నదే. ఆశా కార్యకర్త అరుగు మీద కూర్చొని మాట్లాడిన అరగంట ఆ అంకెల్లో కనపడదు. ఆ ఖాళీని మెడికల్ షాపు, ఆర్‌ఎంపీ, యూట్యూబ్, పెరట్లో ఇన్సులిన్ మొక్క పంచుకుంటున్నాయి.

చెప్పకపోవడం వల్ల వెంటనే ప్రాణం మీదికి వచ్చేది ఒకటుంది. గ్లిమెపిరైడ్ లాంటి గోలీ వేసుకొని, ఒక్కపొద్దనో రోజా అనో తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు. అప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి, ఆ తర్వాత ఏదైనా తినిపించాలి. తీపి బంద్ అన్న మాట ఒక్కటే తెలిసిన ఇంట్లో "షుగర్ మనిషికి చక్కెర ఎట్ల పోస్తం" అని వెనకాడతారు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.