చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడు?

ప్రియమైన పిల్లలకు,

నగరంలోని మామూలు బతుకును ఉన్నదున్నట్టు చూపించే చిత్రకారులను వాస్తవికవాదులు అంటారు. ఫొటోలు ఉండగా ఆ కష్టమంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. అలాంటి బొమ్మ ఎప్పుడు చూసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని వేసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎవరికి దగ్గరగా నిలబడ్డాడు? నా లెక్కలో బొమ్మలోని నిజమంతా అక్కడే తేలిపోతుంది.

గుస్తావ్ కైబోట్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1875లో ప్యారిస్‌లో వేసిన బొమ్మతో మొదలుపెడదాం. ఖాళీ గదిలో ముగ్గురు పనివాళ్లు చొక్కాలు విప్పి, మోకాళ్ల మీద వంగి, చెక్కనేలను గీకుతున్నారు. కిటికీ వాళ్ల వెనక ఉంది. వెలుతురు అటునుంచి పడి వీపుల మీద, చేతుల మీద, ఇంకా గీకని నునుపు చెక్కల మీద మెరుస్తుంది. గీకినచోట ఆ మెరుపు లేదు. పని ఎంతవరకు వచ్చిందో నేలే చెబుతుంది. చుట్టలు చుట్టుకున్న చెక్కపొట్టు అక్కడక్కడా పడి ఉంది, పక్కన ఒక సీసా. ఇద్దరు తలలు ఒకరివైపు ఒకరు తిప్పుకుని ఏదో మాట్లాడుకుంటున్నట్టున్నారు. ఆ చిన్న విషయం చూడండి! పనిచేస్తూ కబుర్లు చెప్పుకునే మనుషులను కైబోట్ పట్టుకున్నాడు. ఆయన డబ్బున్న ఇంటివాడు, అయినా వాళ్లున్న గదిలోనే నిలబడి, కాస్త పైనుంచి చూశాడు. అందుకే నేల మనవైపు జారి వస్తున్నట్టు ఉంటుంది.

ప్యారిస్‌లో సలోన్ అనే పెద్ద ప్రదర్శన ఉండేది. దేవతల కథలు, చరిత్రలోని మహా ఘట్టాలు అక్కడ ఘనమైన విషయాలు. ఆ ఏడాది న్యాయనిర్ణేతలు ఈ బొమ్మను తిప్పి పంపేశారు. మరుసటి ఏడాది, ఇంప్రెషనిస్టులు అనే కొత్తతరహా చిత్రకారుల బృందం తమ ప్రదర్శనలో దానికి చోటిచ్చింది. నేను వాళ్ల పక్షమే.

1877లో కైబోట్ వానరోజున ప్యారిస్ కూడలిని గీశాడు. కాన్వాసు రెండు మీటర్లకు పైగా ఎత్తు. వానచినుకు ఒక్కటీ గీయలేదు. గొడుగులు, తడిసి మెరిసే రాళ్లబాట చాలు, వాన పడుతోందని మనకు తెలిసిపోతుంది. కుడి అంచున ఒక మనిషి సగానికి తెగిపోయి ఉంటాడు. వీధిలో నడిచేటప్పుడు మన చూపుకు మనుషులు ఆనేది అలాగే కదా.

అదే కాలపు ప్యారిస్ చిత్రకారుడు దెగా వేసిన ఇస్త్రీ చేసే ఆడవాళ్లను తప్పకుండా చూడండి. ఒకామె ఒంటి బరువంతా ఇస్త్రీపెట్టె మీద మోపింది, పక్కనామె నోరంతా తెరిచి ఆవులిస్తోంది. గొప్పింటి చిత్తరువు కోసం కూర్చున్న మనిషి అలా ఆవులించేదా?

అమెరికాలో జాన్ స్లోన్ మొదట పత్రికలకు బొమ్మలు వేసేవాడు. అలాంటి పనిలో వీధిలో చూసింది గుర్తుపెట్టుకుని గబగబా గీయడం అలవాటవుతుంది. తర్వాత న్యూయార్క్‌లో ఆయన 1912లో వేసిన బొమ్మలో ముగ్గురు ఆడవాళ్లు ఆదివారం డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటారు. పక్కన ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. అంతకుమించి అక్కడ ఏమీ జరగదు, జరగాల్సిన పనీ లేదు.

ఇక ఉన్నదున్నట్టు అన్న మాటను కొంచెం సరిచూసుకోవాలి. 1942లో అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ రాత్రివేళ గాజు గోడల హోటల్లో ఉన్న నలుగురిని గీశాడు. న్యూయార్క్‌లో తాను చూసిన ఒక హోటల్ నుంచి ఆ ఊహ వచ్చిందని, దృశ్యాన్ని బాగా సరళం చేసి హోటల్‌ను పెద్దది చేశానని ఆయనే చెప్పాడు. వీధిలోంచి లోపలికి వెళ్లే తలుపు బొమ్మలో ఎక్కడా కనిపించదు. లోపల వెలుతురు, మనం మాత్రం బయట చీకట్లో. తీసేయడం, పెంచడం కూడా వాస్తవిక చిత్రకారుడి పనే. ఆ రాత్రి ఆ మనుషుల ఒంటరితనం ఎలాంటిదో అలా తీసేస్తేనే తెలిసింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫ్రెంచి చిత్రకారుడు ఒనొరే దోమియే 1860ల మొదట్లో వేసిన రైలు మూడో తరగతి పెట్టె. ఒక తల్లి చంటిబిడ్డకు పాలిస్తోంది. పక్కన ఒళ్లో బుట్ట పెట్టుకున్న ముసలమ్మ, నిద్రపోతున్న పిల్లవాడు. వాళ్లు మనకు అభిముఖంగా ఉన్నారు, అంటే దోమియే మనల్ని ఎదుటి బల్ల మీదే కూర్చోబెట్టాడు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మ ప్రతి పూర్తికాలేదు. చిన్న బొమ్మను కాన్వాసు మీదికి పెంచేందుకు గీసుకున్న గళ్లు రంగు కింద ఇప్పటికీ కనిపిస్తాయి. మీకు దొరికితే పెద్దగా చేసి ఆ గళ్లు వెతకండి. తర్వాత ముసలమ్మ ముఖం చూసి, ఆమె ఏం ఆలోచిస్తోందని మీకు అనిపించిందో నాకు రాయండి.

మీ
తాతయ్య