నలికిరి నుదుటి ఎముక ఒకటా, రెండా?

గోడ వారన ఎండుటాకుల్లోంచి సర్రున జారిపోయే నలికిరిని నలికండ్ల పాము అని కూడా అంటాం. నాలుగు కాళ్లున్నా పాముల్లో కలిపేశాం. కరిస్తే బతకమని భయపడి కొట్టి చంపేవాళ్లూ ఉన్నారు. పాపం, దానికి విషమే లేదు.

నాకు దాని తలంటే మహా ఇష్టం. చింతగింజ కంటే కాస్త పెద్దదిగా ఉండే ఆ పుర్రెలో బోలెడు కథ ఉంది. తల మీద నున్నగా మెరిసే పొలుసుల కింద పలుచని ఎముక బిళ్లలుంటాయి. అవి పుర్రెకు ఎంత గట్టిగా అతుక్కుంటాయంటే, చర్మం పోయాక కూడా పొలుసుల అంచులు ఎముక మీద సన్నటి గీతల్లా కనిపిస్తాయి. నడినెత్తిన సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. వెలుతురును పసిగట్టే మూడో కన్ను దాని కిందే ఉంటుంది.

ప్రపంచంలో 1,700కు పైగా నలికిరి జాతులున్నాయి. తిండీ ఉనికీ మారితే పుర్రె కూడా మారుతుంది. ఆస్ట్రేలియాలోని గులాబీ నాలుక నలికిరి నత్తలను తింటుంది. గుల్లను పగలగొట్టడానికి దాని దవడ వెనక సుత్తిలాంటి పెద్ద పళ్లున్నాయి. సహారా ఇసుకలో చేపలా ఈదే నలికిరికి ముట్టె పారలా ఉంటుంది. కింది దవడ పైదవడ లోపలికి ఒదిగిపోతుంది కాబట్టి నోట్లోకి ఇసుక పోదు.

అసలు చిక్కు నేలలోపల బతికే వాటితోనే. తలతో మట్టిని తోసుకుంటూ పోవాలంటే పుర్రె గొట్టంలా, బిగువుగా ఉండాలి. కళ్లు చిన్నబోతాయి. కంటి వెనక కణత దగ్గరుండే ఎముక వంపు సన్నబడుతుంది, కొన్నింటిలో పూర్తిగా పోతుంది. చుట్టరికం ఏమీ లేని జాతులు కూడా ఇలా అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మరి చుట్టరికం తేల్చడానికి ఏ ఎముకను నమ్మాలి?

1970లో అలెన్ గ్రీర్ అనే శాస్త్రవేత్త నుదురూ అంగిలీ చూడమన్నాడు. కొన్ని నలికిరిల్లో నుదుటి ఎముకలు రెండు విడివిడిగా ఉంటాయి. మరికొన్నింట్లో రెండూ కలిసి ఒకటైపోయాయి, అంగిలి ఎముకలు కూడా నడుమ కలుసుకుంటాయి. ఈ రెండో రకాన్ని ఆయన లైగోసోమినే అనే ఉపకుటుంబంగా విడదీశాడు. మన పెరట్లో తిరిగే నలికిరి ఇందులోదే. తర్వాత డీఎన్‌ఏ పరీక్షల్లోనూ ఈ శాఖ చెక్కుచెదరలేదు. ఇంత చిన్న గుర్తు అంత పెద్ద విషయం పట్టించడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అయితే నేలలోపలి బతుకు ఆయన్నీ ఒకచోట తికమక పెట్టింది. ఆఫ్రికాలో ఫైలీనియా అనే కాళ్లులేని నలికిరి ఉంది. దాని కళ్లు పొలుసు కింద కప్పుకుపోయాయి. పుర్రె మరీ వేరుగా ఉందని దానికోసం ప్రత్యేకంగా ఒక ఉపకుటుంబాన్నే పెట్టాడు. డీఎన్‌ఏ చూస్తే అది ఆఫ్రికాలోని మిగతా నలికిరిల మధ్యలోంచి పుట్టిన కొమ్మేనని తేలింది.

అలాంటి కాళ్లులేని నలికిరి మనకూ ఉంది. 1917లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త ఒడిశాలోని చిలికా సరస్సులో ఉన్న బర్కుడా దీవి నుంచి ఒకదాన్ని వర్ణించి, బర్కుడియా అని పేరు పెట్టాడు. దాని దాయాది విశాఖ తీరంలో ఉంటుంది. కంటపడటం చాలా అరుదు. ఇలాంటి వాటి పుర్రె చూడాలంటే ఒకప్పుడు దొరికిన నమూనాను కోయక తప్పేది కాదు. ఇప్పుడు సీటీ స్కాన్ చేస్తే ఒక్క పొలుసు కూడా రాలదు. నుదుటి ఎముక ఒకటో రెండో, అంగిలి ఎముకలు కలిశాయో లేదో కంప్యూటర్ తెర మీద తిప్పి చూసుకోవచ్చు.