స్కానింగ్ డాక్టరు కుర్చీ మారితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

"ఫొటోలు తీశారు, బాగానే ఉంది. అసలు డాక్టరు గారు ఎప్పుడొస్తారు బాబూ?" విశాఖ కేజీహెచ్‌లో రేడియాలజీ పీజీ చేసే రోజుల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగిన మాట. అప్పటికి అరగంటగా ఆయన పొట్ట మీద ప్రోబు తిప్పుతున్నది నేనే. ఆ స్కానింగ్ గది నుంచి తర్వాత ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌లోకి మారాను. రెండు కుర్చీల మీదా విన్న అపోహలివి.

అపోహ: రేడియాలజిస్టు అంటే స్కాన్ తీసే మనిషి.

సీటీ, ఎమ్మారై తీసేది టెక్నీషియన్. వాటిని చదివి రిపోర్టు రాసేది మేము. నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ, నీట్ పీజీలో ర్యాంకు, ఆపైన మూడేళ్ల ఎండీ అయితేగానీ ఆ సంతకానికి విలువ రాదు. అల్ట్రాసౌండ్ మాత్రం మా చేత్తోనే చేస్తాం. గర్భిణికి చేసిన ప్రతిసారీ ఫారం-ఎఫ్ నింపాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అందులో ఒక గడి ఖాళీ వదిలినా నేరమే. అది గుమాస్తా పొరపాటన్న వాదనను 2019లో సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. అడ్మినిస్ట్రేషన్‌లో నాకు అక్షరాభ్యాసం చేయించింది ఆ ఫారమే.

అపోహ: రోజంతా రేడియేషన్‌లో ఉంటారు, ఆరోగ్యం పాడవుతుంది.

అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో అసలు ఎక్స్-రేలే ఉండవు. మిగతా చోట్ల మా ఒంటికి తగిలే మోతాదును టీఎల్‌డీ బ్యాడ్జి లెక్కగడుతుంది, మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. నా నడుంనొప్పికి కారణం కుర్చీ.

అపోహ: మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లాడంటే ప్రాక్టీసు నడవక.

మా పిన్ని మొహం మీదే అడిగింది, "ఏరా, కేసులు రావట్లేదా?" అని. నిజానికి ఆసుపత్రిలో దాదాపు ప్రతి విభాగం కేసూ మా గది మీదుగానే పోతుంది. కాంట్రాస్టు సీటీ (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) ఆలస్యమైతే అందరూ మా మీద పడేవారు. ఒక వారం వార్డు నుంచి స్కాన్ బల్ల దాకా నేనే టైం రాసుకున్నాను. స్కానుకు పట్టేది పది నిమిషాలు. ఆ మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రిపోర్టు కోసం చూసేది రెండు గంటలు. శాంపిల్ తీశాక తీసుకెళ్లే మనిషి లేక ట్రేలోనే కూర్చునేది!

నన్ను మేనేజ్‌మెంట్ వైపు తిప్పింది మాత్రం హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12. కరెంటు లేదు, బంకుల్లో డీజిల్ కోసం బారులు. ఎమ్మారై అయస్కాంతం కరెంటు పోయినా ఆగదు. కానీ దాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచే హీలియం, కంప్రెసర్ ఆగితే మరిగి ఆవిరైపోతూ ఉంటుంది. ఉన్న డీజిల్ ఐసీయూ వెంటిలేటర్లకా, ఆ కంప్రెసర్‌ను చల్లబరిచే చిల్లర్‌కా? "వెంటిలేటర్లకే" అన్నాను. నా మిషన్ మీటర్లో హీలియం శాతం పూటపూటకీ పడిపోతుంటే టార్చిలైటు వేసి చూస్తూ కూర్చున్నాను.

అపోహ: ఎంబీఏ ఉంటే చాలు.

నేనూ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివాను, బ్యాలెన్స్ షీటు చూడ్డం వచ్చింది. అయినా మొదటి ఏడాదే బోల్తా పడ్డాను. సీటీ మిషన్‌కు సీఎంసీ (విడిభాగాలతో కలిపి మరమ్మతుల ఒప్పందం) రాసుకుంటే విడిభాగాలన్నీ వాళ్లవే అనుకుని సంతకం పెట్టేశాను. ఎక్స్-రే ట్యూబు పోయినప్పుడు కంపెనీ ఇంజనీరు చివరి పేజీ తిప్పి వేలు పెట్టి చూపించాడు, "ట్యూబు ఇందులో రాదు సార్" అని. ఫిల్ము ఏదైనా ముందు మూలలు చూసి తర్వాత మధ్యకు రమ్మని జూనియర్లకు రోజూ చెప్పేవాణ్ణి, ఆ కాగితం మూల మాత్రం చూడలేదు.