12లోంచి 7, 5 మళ్లీ దొరుకుతాయా?

"కొత్త వెర్షన్ వేశాక వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి. అది తీసేసి పాతది మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు సర్వర్ లేవడమే లేదు. నిన్నటిదాకా పనిచేసిన వెర్షనే కదా, ఇవాళ దానికేమైంది?" అని ఒక పాఠకుడు అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. ఇంట్లోని సినిమాలను టీవీకీ ఫోనుకీ పంపే మీడియా సర్వర్ గురించి అడిగినట్టే ఉంటుంది గానీ, సమాచారం ఎలా చెరిగిపోతుందన్నదే ఇందులోని అసలు సంగతి.

మీడియా సర్వర్ జెల్లీఫిన్ అయినా ప్లెక్స్ అయినా మీ సినిమా ఫైళ్లు ఒకచోట, ప్రోగ్రామ్ మరోచోట ఉంటాయి. మూడోది డేటాబేస్. ఏ ఫైలు ఎక్కడుంది, ఎవరు ఎంతవరకు చూశారు అన్న వివరాలన్నీ అందులోనే ఉంటాయి. రెండు సర్వర్లూ దీన్ని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో ఫైలుగా దాస్తాయి. ప్రోగ్రామ్‌ని మార్చడం నిమిషాల పని. కొత్త వెర్షన్ మొదటిసారి లేచినప్పుడు మాత్రం డేటాబేస్‌ని తనకు కావలసినట్టు తిరగరాసుకుంటుంది. దీన్నే మైగ్రేషన్ అంటారు. మీరు పాత ప్రోగ్రామ్‌ని తెచ్చారు, డేటాబేస్ కొత్తదిగానే ఉండిపోయింది.

మరి దాన్ని కూడా వెనక్కి తిప్పేస్తే సరిపోదా? పాత డేటాబేస్‌లో రెండు గళ్లున్నాయనుకోండి. ఒకదాంట్లో 7, రెండోదాంట్లో 5. కొత్త వెర్షన్‌కి మొత్తం ఒక్కటే చాలు. రెండూ కలిపి 12 అని ఒకే గడిలో రాసుకుని, పాత గళ్లు తీసేసింది. ఇప్పుడు ఆ 12ని చూసి వెనక్కి వెళ్లండి. 7, 5 అంటారా? 8, 4 ఎందుకు కాకూడదు? 6, 6? సున్నా నుంచి లెక్కపెడితే 12 వచ్చే జతలు 13 ఉన్నాయి. వాటిలో ఏది నిజమో ఎంత వేగమైన కంప్యూటరూ చెప్పలేదు, ఎందుకంటే జవాబు ఆ ఫైల్లోనే లేదు. 12 పక్కనే 5ని కూడా ఉంచి ఉంటే 7 ఇట్టే దొరికేది. అందుకే కొత్త గడిని చేర్చి ఊరుకునే మైగ్రేషన్ నుంచి వెనక్కి రావచ్చు. కలిపేసేది, తీసేసేది అయితే రాలేం. డేటాబేస్ పాఠాల్లో పట్టికలు కలపడం రోజుల తరబడి నేర్పుతారు. ఏది వెనక్కి వస్తుంది, ఏది రాదు అన్నది కూడా అంతే శ్రద్ధగా నేర్పాలని నా కోరిక.

ఈ పోగొట్టుకోవడం భౌతికశాస్త్రం దాకా వెళుతుంది. ఒక బిట్‌ని, అంటే 0 లేదా 1 అనే అతిచిన్న సమాచార ముక్కని చెరిపితే కనీసం ఇంత వేడి బయటికి పోవాల్సిందేనని ఐబీఎమ్‌లో పనిచేసిన రోల్ఫ్ లాండవర్ 1961లో లెక్కగట్టాడు. గది ఉష్ణోగ్రత దగ్గర అది సుమారు 3×10⁻²¹ జౌల్స్. 2012లో ప్రయోగం చేసి ఆ హద్దును సరిచూశారు.

సరే, ఏదీ చెరగలేదనుకుందాం. అయినా వెనక్కి వెళ్లే దారి ఎవరికి తెలుసు? 2025 అక్టోబర్‌లో వచ్చిన జెల్లీఫిన్ 10.11 తన లైబ్రరీ డేటాబేస్‌ని ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ అనే పద్ధతికి మార్చుకుంది. ఆ పద్ధతిలో ప్రతి మైగ్రేషన్‌కీ ముందుకు వెళ్లడానికి 'అప్', వెనక్కి రావడానికి 'డౌన్' అని రెండు భాగాలు రాయొచ్చు. కానీ 'డౌన్' రాసినా అది ఉండేది కొత్త ప్రోగ్రామ్‌లో! పాత ప్రోగ్రామ్ తయారైన నాటికి ఆ మార్పే పుట్టలేదు. ఒక్కో వెర్షన్ చొప్పున మెట్లు దిగితే సర్వర్ దారికొస్తుందనీ, మూడుసార్లు రీస్టార్ట్ చేస్తే కుదురుకుంటుందనీ కొందరు గట్టిగా నమ్ముతారు. ఆ మెట్లలో ఒక్కదానికీ కిందికి దిగే దారి తెలియదు. పైగా ప్రతి ప్రయత్నమూ అదే ఫైల్లో ఇంకేదో రాసిపెట్టవచ్చు.

ఎస్‌క్యూలైట్ రూపకర్తలకు ఈ చిక్కు ముందే తెలుసు. ఫైలు మొదట్లో దాని వివరాలు చెప్పే 100 బైట్ల హెడర్ ఉంటుంది. సున్నా నుంచి లెక్కిస్తే 18వ బైటు రాసే వెర్షన్, 19వది చదివే వెర్షన్. చదివే అంకె తనకు తెలిసినదాన్ని మించితే ప్రోగ్రామ్ ఆ ఫైలుని ముట్టుకోకూడదు. రాసే అంకె ఒక్కటే మించితే చదవొచ్చు, రాయకూడదు. ఎంత ముందుచూపు! అయితే ఈ కాపలా ఫైలు అమరికకే. లోపలి గళ్ల అర్థం మారిందా లేదా అన్నది చూసుకోవాల్సింది సర్వర్ ప్రోగ్రామే.

కాబట్టి క్షేమంగా వెనక్కి వెళ్లాలంటే దారి ఒక్కటే, వెర్షన్ మార్చకముందు తీసి పెట్టుకున్న నకలు. ముందు సర్వర్‌ని ఆపాలి, ఆ తర్వాతే డేటా ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేయాలి. 2010 నుంచి ఎస్‌క్యూలైట్‌లో వాల్ (WAL) అనే పద్ధతి ఉంది. అందులో కొత్త రాతలు మొదట పక్కనున్న వేరే ఫైల్లో చేరి, తర్వాత అసలు ఫైల్లోకి వెళతాయి. సర్వర్ నడుస్తుండగా అసలు ఫైలు ఒక్కదాన్నే కాపీ చేస్తే చివరి రాతలు తప్పిపోతాయి, నకలు పాడైపోవచ్చు కూడా. ఏ వెర్షన్‌లో తీశారో ఫోల్డర్ పేరులోనే రాసుకోండి. డాకర్ (ప్రోగ్రామ్‌ని ఇమేజ్ అనే సిద్ధమైన పొట్లం నుంచి నడిపే సాధనం) వాడేవాళ్లు 'లేటెస్ట్' అని వదిలేయకుండా వెర్షన్ సంఖ్యను రాయాలి. ఇమేజ్ పాతదైనా, డేటా కోసం బయట తగిలించిన ఫోల్డర్ (వాల్యూమ్) కొత్తగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు కొత్త ఫోల్డర్‌ని చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టండి. పాత నకలుని దాని చోట ఉంచి, అదే వెర్షన్‌ని ఎక్కించండి. మధ్య రోజుల్లో చూసినవాటి లెక్క పోతుంది. కొత్త వెర్షన్ పూడ్చిన భద్రతా లోపాలు మళ్లీ తెరుచుకుంటాయి, కాబట్టి అన్నాళ్లూ సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచకండి.

ప్రశ్న అడిగిన పాఠకుడు నకలు తీసుకోలేదట. వాడేది ప్లెక్స్ అయితే ఆశ ఉంది. మామూలు సెట్టింగుల్లో అది మూడు రోజులకోసారి డేటాబేస్ నకలు తీసి, పేరులో తేదీతో దాచుకుంటుంది. కొత్త వెర్షన్ వేసిన రోజుకి ముందు తేదీ ఉన్నదాన్ని వెతకండి. ఏదీ దొరక్కపోతే రెండే దారులు. కొత్త వెర్షన్‌నే మళ్లీ వేసుకుని సరిదిద్దిన విడుదల కోసం ఆగడం ఒకటి. పాత వెర్షన్‌కి ఖాళీ డేటాబేస్ ఇచ్చి లైబ్రరీని మొదటి నుంచి స్కాన్ చేయించడం రెండోది. అప్పుడు సినిమాలన్నీ తిరిగి కనిపిస్తాయి గానీ, ఎవరు ఎక్కడిదాకా చూశారో దానికి తెలియదు.