గాలి పడిపోయాక దిక్కు తెడ్డే: సెయిలింగ్ డింగీకి రోలాక్‌లు బిగించే పద్ధతి

ఎంటర్‌ప్రైజ్ అనే డింగీని (చిన్న తెరచాప పడవను) 1956లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్ రూపొందించాడు. పొడవు 4.04 మీటర్లు, వెడల్పు 1.60 మీటర్లు, ఖాళీ హల్ (పడవ ఒడలు) బరువు దాదాపు 90 కిలోలు. మన దేశంలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ కేడెట్లు తెరచాప పట్టడం నేర్చుకునేది ఎక్కువగా ఈ పడవ మీదే. పందేలకు చక్కటి పడవే గానీ, గాలి లేనప్పుడు దాన్ని ఎలా నడపాలన్నది డిజైన్‌లో పెద్దగా పట్టించుకోలేదు. మాస్ట్ (తెరచాప స్తంభం), తెరచాపలు, ఇద్దరు మనుషులు కలిస్తే రెండున్నర క్వింటాళ్లకు పైనే తూగుతుంది. అంత బరువును చేతి ప్యాడిల్‌తో ఎదురుగాలిలో ఒడ్డుకు చేర్చడం అయ్యే పని కాదు. రిజర్వాయర్‌లో గానీ సముద్రపు కయ్యలో గానీ షికారుకు తిరగాలంటే ఒక జత తెడ్లు, వాటికి సరైన రోలాక్‌లు ఉండాల్సిందే. వాటిని తప్పు చోట బిగిస్తే మాత్రం ఉన్నా లేనట్టే.

రోలాక్ అంటే తెడ్డును పట్టుకునే రెండు కొమ్ముల లోహపు పట్టు. దాని కింద సుమారు 13 మి.మీ. లావు పిన్ను ఉంటుంది, ఆ పిన్ను పడవకు బిగించిన గొట్టం లాంటి సాకెట్‌లో తిరుగుతుంది. పడవ అంచు మీద ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడ సాకెట్ పెట్టేయడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. కొలత మొదలవ్వాల్సింది కూర్చునే చోటు నుంచి. తెడ్డు వేసే మనిషి మధ్య అడ్డబల్ల మీద పడవ వెనకవైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. బల్ల వెనక అంచు నుంచి పిన్ను మధ్యకు 28 నుంచి 33 సెం.మీ. దూరం ఉండాలి, అదీ వెనకవైపుకే. ఇంకా దగ్గరైతే లాగు పూర్తవకముందే పిడికిలి పొట్టకు తగులుతుంది. దూరమైతే ప్రతి లాగుకూ నడుము వంచి ముందుకు పడాలి.

రెండో కొలత ఎత్తు. కూర్చున్న మట్టం నుంచి సాకెట్ పైభాగానికి 18 నుంచి 23 సెం.మీ. ఉంటే చేతులకు అనువు. అంతకన్నా తక్కువైతే బ్లేడును (తెడ్డు వెడల్పాటి కొసను) నీళ్లలోంచి పైకి తీసేటప్పుడు తెడ్డు పిడి మోకాళ్లకు తగులుతుంది, ఎక్కువైతే భుజాలు తొందరగా లాగేస్తాయి.

ఎంటర్‌ప్రైజ్ లాంటి పడవల్లో వీటితో పాటు ఇంకో చిక్కుంది, అది సైడ్ డెక్, అంటే పడవ పక్క అంచుల వెంట ఉండే చదును భాగం. బయటికి వాలి కూర్చోవడానికి వీలుగా అది వెడల్పుగా ఉంటుంది. రోలాక్ బయటి అంచున ఉంటే తెడ్డు కాడ ఆ డెక్ మొత్తం దాటి లోపలికి రావాలి. లెక్క వేసి చూద్దాం. పిన్ను నుంచి పిడి చివరకు 70 సెం.మీ., పిన్ను నుంచి బ్లేడు చివరకు 170 సెం.మీ. అనుకోండి. పిడిని 10 సెం.మీ. కిందికి నొక్కితే బ్లేడు సుమారు 24 సెం.మీ. లేస్తుంది, చెరువు అలలకు ఇది సరిపోతుంది. డెక్ లోపలి అంచు పిన్నుకు 30 సెం.మీ. లోపలగా ఉంటే, అక్కడ కాడ 4.3 సెం.మీ. దిగుతుంది. కాడ సగం మందం 2.3 కలిపితే, పిన్ను దగ్గర కాడ మధ్యరేఖ డెక్ కన్నా కనీసం 6.6 సెం.మీ. పైన ఉండాలి. రోలాక్‌లో కాడ మధ్యరేఖ సాకెట్ ముఖానికి 4.5 సెం.మీ. పైన ఉంటుందనుకుంటే, మిగిలిన 2 సెం.మీ.కు పైచిలుకు ఎత్తు సాకెట్ కింద వేసే దిమ్మ ఇవ్వాలి. సముద్రంలో బ్లేడును 36 సెం.మీ. లేపాలంటే ఇదే లెక్కకు దిమ్మ 4 సెం.మీ. దాటుతుంది. మీ పడవ కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి ఈ అంకెలను కాపీ కొట్టకండి. ట్రైలర్ మీద పడవను సమమట్టంగా నిలిపి, డెక్ మీద చెక్కముక్కలు పేర్చి రోలాక్‌ను క్లాంపుతో తాత్కాలికంగా బిగించి, తెడ్డు పట్టుకుని ఆడించి చూడండి. అది కుదిరాకే డ్రిల్లు చేతికి తీసుకోవాలి.

దిమ్మకు టేకు మంచిది. నల్లతుమ్మ ఇంకా గట్టిది, కాకపోతే బరువు. 25 సెం.మీ. పొడవు తీసుకుని, రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, పై అంచులన్నీ గుండ్రంగా నునుపు చేయాలి. చుక్కాని పట్టేవాడు కూర్చునేది సరిగ్గా ఆ చోటే గనుక పదునైన అంచు ఉంటే తొడ ఒరుసుకుపోతుంది, జిబ్ (ముందు తెరచాప) తాడు కూడా దానికి చిక్కుకుంటుంది. పందేలకు కూడా వాడే పడవైతే దిమ్మను అతికించేయకండి. డెక్ కింద రెండు ఎం8 (8 మి.మీ.) నట్లను ప్లైవుడ్ పలకలో కదలకుండా అమర్చి, దిమ్మను పైనుంచి బోల్టులతో బిగించుకోండి. పందెం రోజున దిమ్మ తీసేసి, ఆ రంధ్రాల్లో పొట్టి బోల్టులు రబ్బరు వాషర్లతో వేస్తే నీళ్లు దిగవు. తూట్లు పొడిచే ముందు క్లాస్ నిబంధనలు (ఈ రకం పడవల పందెం నియమాలు) కూడా ఒకసారి చూసుకోవాలి.

స్క్రూలు ఎందుకు ఆగవు? పిడి దగ్గర 250 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 25 కిలోల బరువు మోసినంతగా లాగితే, పైన చెప్పిన నిష్పత్తికి బ్లేడు దగ్గర దాదాపు 103 న్యూటన్లు పనిచేస్తాయి. ఆ రెండూ కలిసి, 353 న్యూటన్లు, రోలాక్ మీదే పడతాయి. పైగా అది డెక్ మట్టం మీద కాదు, దానికి 7, 8 సెం.మీ. పైన పడుతుంది కాబట్టి దిమ్మను పడవ ముక్కువైపుకు పెకలించాలని చూస్తుంది. తెడ్డును తిరగదోసినప్పుడు బలం దిక్కు మారుతుంది. ఇలా అటూ ఇటూ వేల సార్లు ఊగితే 6 మి.మీ. ప్లైవుడ్‌లో స్క్రూ పట్టిన మరలు నలిగిపోతాయి. అందుకే డెక్‌ను దాటి కిందికి దిగే బోల్టులు, కింద కనీసం 9 మి.మీ. మెరైన్ ప్లై పలక, పెద్ద వాషర్లు తప్పనిసరి. ఫైబర్ డెక్ అయినా ఇంతే. పలక లేకుంటే బోల్టు చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్ పై పూత) సాలెగూడులా పగులుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది నీటి విషయంలో. చాలా డింగీల్లో సైడ్ డెక్ కింద ఉండేది గాలి నిండిన తేలుడు ట్యాంకు. సాకెట్ గొట్టాన్ని డెక్ గుండా కిందికి దించితే, పడవ బోల్తా పడ్డప్పుడు ట్యాంకులోకి నీళ్లు చేరే దారిని మనమే తవ్వినట్టు. సాకెట్ లోతు మొత్తం దిమ్మలోనే ముగిసిపోవాలి. అడుగున నీళ్లూ ఇసుకా నిలవకుండా దిమ్మ పక్కకు 5 మి.మీ. రంధ్రం ఒకటి తెరిస్తే చాలు. దిమ్మ పలచనై సాకెట్ అందులో ఇమడకపోతే పొడుగు పిన్ను మానేసి, దిమ్మ పక్కకు బిగించే ప్లేటు రకం సాకెట్ తీసుకోండి. బోల్టు రంధ్రాలకు పాత పద్ధతే నమ్మకమైనది. 8 మి.మీ. బోల్టుకు ముందు 12 మి.మీ. రంధ్రం చేసి, సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీ జిగురుతో పూడ్చి, ఒక రోజు గట్టిపడనిచ్చి, ఆ తర్వాత దాని నడుమ 8 మి.మీ. రంధ్రం చేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఉండేది ఎపాక్సీయే, చెక్క పొరలకు తడి తగలదు. మన ఎండల్లో ఎపాక్సీ చాలా త్వరగా ముదిరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం ఇంచుమించు సగమవుతుంది. స్లో హార్డెనర్ (నెమ్మదిగా గట్టిపరిచే రకం) తీసుకుని, కొద్దికొద్దిగా, పొద్దున్నే కలుపుకోండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఎపాక్సీ గానీ సీలెంట్ గానీ రాసే ముందు అసిటోన్‌తో తుడవాలి. దిమ్మ కింద పాలీసల్ఫైడ్ సీలెంట్ రాసి, అది కొంచెం పక్కలకు పొంగేవరకే బిగించి వదిలేయండి. ఆరాక మరో అర మర తిప్పండి. మొదటే గట్టిగా బిగిస్తే సీలెంట్ అంతా బయటికొచ్చేసి లోపల పొరే మిగలదు.

లోహాలను ఎలా పడితే అలా కలపొద్దు. ఉప్పునీటిలో ఇత్తడి స్క్రూలోంచి జింకు కరిగిపోయి, చివరికి అది పెళుసుగా విరుగుతుంది. గాల్వనైజ్డ్ సాకెట్‌కు స్టీలు బోల్టు వేస్తే ముందు జింకు పూత పోతుంది. సముద్రానికి కంచు రోలాక్‌లు, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు వాడితే సరి. మంచినీటి చెరువుకు గాల్వనైజ్డ్ చాలు. లోహపు రోలాక్ నీళ్లలో పడితే తిరిగి రాదు, కాబట్టి ప్రతిదానికీ 3 మి.మీ. తాడు కట్టి పడవకు ముడివేయండి.

తెడ్ల పొడవుకు పడవలు కట్టేవాళ్లు వాడే సూత్రం ఒకటుంది. రోలాక్‌ల మధ్య దూరంలో సగానికి 5 సెం.మీ. కలిపి, 7తో భాగించి, 25తో గుణించాలి. రోలాక్‌లు 1.5 మీటర్ల ఎడంలో ఉంటే 2.86 మీటర్లు వస్తుంది. అంత పొడుగు తెడ్లు చిన్న డింగీలో పడుకోవు. 2.4 మీటర్లవి తీసుకుంటే లోపల 70 సెం.మీ., బయట 170 సెం.మీ. వస్తుంది. పిడుల మధ్య 10 సెం.మీ. ఖాళీ మిగిలి బొటనవేళ్లు ఢీకొనవు. కొనే ముందు అవి అడ్డబల్ల కింద దూరుతాయో లేదో కొలవండి. కాడ రోలాక్‌లో ఒరిసే చోట 30 సెం.మీ. మేర తోలు చుట్టి, బయటికి జారకుండా పిడివైపు ఒక కాలరు వేయాలి.

పాదాలకు ఆనిక లేనిదే తెడ్డు బలంగా లాగలేం, మనిషే బల్ల మీద జారిపోతాడు. 40 మి.మీ. గుండ్రటి కర్రకు రెండు కొసలా తాళ్లు కట్టి అడ్డబల్లకు తగిలిస్తే చాలు. పాదాలతో తోస్తే తాళ్లు బిగుసుకుంటాయి. పొడవు మార్చుకోవడానికి తాళ్లలో మూడు నాలుగు ముడులు వేసుకోండి. వాడనప్పుడు చుట్టి పక్కన పడేయొచ్చు.

ఇదే చేత్తో ఇంకో రెండు పనులు చేసుకుంటే మంచిది. చుక్కాని బోల్తాలో ఊడిపోకుండా వెనక పలక మీద ఒక స్ప్రింగు క్లిప్పు. ప్రధాన తెరచాపకు ఒక రీఫ్ వరస (చాప కింది భాగాన్ని మడిచి కట్టే తాళ్లు), గాలి ముదిరినప్పుడు పావు వంతు తగ్గించుకోవడానికి. గాలి పడిపోతే తెడ్డు, గాలి ముదిరితే రీఫ్, రెండూ ఉంటే పడవ మీద పెత్తనం మనదే.

మొదటిసారి నీళ్లలో తెరచాపలు దించి, బూమ్‌ను (చాప కింది కర్రను) తలకు తగలకుండా ఒక పక్కకు కట్టండి. సెల్ఫ్ బెయిలర్ (పడవలో చేరిన నీళ్లు బయటికి పోయే అడుగు కవాటం) మూసేయాలి, తెడ్ల వేగానికి అది నీళ్లను బయటికి లాగదు సరికదా లోపలికే రానిస్తుంది. సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) పూర్తిగా ఎత్తేస్తే పడవ ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది, పావు వంతు కింద ఉంచండి. రెండో మనిషి వెనక కొసన కూర్చుంటే వెనక భాగం నీళ్లలో దిగి పడవ ఈడుస్తుంది కాబట్టి అతను ముందుకు జరగాలి. ఒడ్డుకు వచ్చాక ట్యాంకు మూత తీసి, ప్లై పలక చుట్టూ వేలితో తడిమి తడి ఉందేమో చూసి, నట్లను స్పానర్‌తో మళ్లీ పరీక్షించండి.